కూర్చుని తినే రోజు

“మీ చేత్తో మంచినీళ్ళిచ్చినా నాకు రోతే” అన్నాను నేను.

“సరేలే. కారు తాళాలెక్కడ పెట్టావు?” అన్నారు మా ఆయన.

“నాకేం తెలుసు.”

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు ఇవే. ఆయన గుమ్మంలో ఒక నిమిషం నిలబడి, జేబులు తడుముకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. తాళాలు నా కోటు జేబులో ఉన్నాయి. ఉన్నాయని నాకు తెలుసు. ఇక్కడ రిక్కార్టన్ అనే పేటలో మా ఇంటి నుంచి ఆయన వంట చేసే రెస్టారెంటు దాకా ముప్పావుగంట నడక. ఆ రోజు దక్షిణపు గాలి, ఇక్కడ చలంతా తెచ్చేది అదే, ముఖాన సూదులు గుచ్చినట్టుండే గాలి. నడిచే వెళ్ళారు. మధ్యాహ్నం జనం రావడం మొదలవకముందే పొయ్యి పక్కన కూలిపోయారు. గుండె. కార్లో వెళ్ళినా ఇంతే అయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. నేను ఆవిడతో వాదించలేదు.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే అడిగారు, ఆఖరికి మీతో ఏమన్నారు అని. మొదట అడిగినావిడకి, “అన్నం తిని పడుకో, నాకోసం చూడకు అన్నారు” అని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, నోటికొచ్చింది. రెండో ఆవిడకీ అదే చెప్పాను. మూడో ఆవిడకి నేను చెప్పాల్సిన పని లేకపోయింది, మొదటి ఆవిడే చెప్పింది. పోయిన నెల కమ్యూనిటీ హాల్లో ఏదో ఫంక్షనైతే ఒకావిడ మైకులో మా ఆయన ఆఖరి మాటలంటూ అదే చదివింది. హాలంతా కళ్ళు తుడుచుకుంది. పక్కనున్న ఆంటీ నా చెయ్యి పట్టుకుని, “అదృష్టవంతురాలివమ్మా” అంది. నోట్లో ఉన్న గారె ముక్క కాగితం రుమాల్లోకి ఉమ్మేసి బయటికొచ్చాను.

ఇంటికొచ్చి మా చెల్లెలి కూతురిని పుస్తకం, పెన్ను తెచ్చుకుని కూర్చోమన్నాను. ఇక్కడ చదువుకోడానికి వచ్చినప్పటి నుంచి మాతోనే ఉంది, ఇప్పుడు ఉద్యోగం కూడా. మా అమ్మాయి అనే అంటాను. ఈ రాత దానిది, మాట నాది. నాకు సంతకం పెట్టడం, బస్సు నంబర్లు గుర్తుపట్టడం వచ్చు, అంతకు మించి రాదు. ఒక్క షరతు మీద కూర్చోబెట్టాను. నేను ఎలా అంటే అలా రాయాలి. చక్కెర కలపకూడదు. దానికి ఆ గుణం ఉంది. ఎందుకంటున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఆ రోజు గొడవ చీజు గురించి. చీజు గురించి చెప్పాలంటే ముందు ఫ్రాన్సు గురించి చెప్పాలి.

మా ఆయన వంటవాడు. ఇండియాలో హోటళ్ళలో చేశారు, ఇక్కడా అదే పని. ముప్ఫై ఏళ్ళుగా నిలబడే తిన్నారు. స్టీలు గిన్నెలో ఇంత అన్నం, ఇంత పప్పు వేసుకుని, ఒక చేత్తో గరిటె తిప్పుతూ రెండో చేత్తో మింగడమే. సెలవు రోజున ఇంట్లో పీట వేసినా, కుర్చీ వేసినా, నాలుగు ముద్దలు తిని లేచి సింకు దగ్గర నిలబడి మిగతాది తినేవారు. మా ఇంట్లో గుడ్డు కూడా అడుగుపెట్టదు. బయట కోడి, మేక, చేప అన్నీ వండుతారు, రాగానే గరాజ్‌లో బట్టలు విప్పేసి స్నానం చేసి గానీ నా వంటింట్లోకి రారు. రుచి చూడకుండా ఎలా వండుతారని కొత్తలో అడిగితే, ఉప్పు ఎంతో చెయ్యే చెబుతుందే అన్నారు. నమ్మాను. ముప్ఫై ఏళ్ళూ నమ్మాను.

ఇక్కడ పెద్ద భూకంపం వచ్చి సగం ఊరు కూలాక, హోటళ్ళు మళ్ళీ ఒక్కొక్కటే తెరుస్తున్న రోజుల్లో, ఆయన పక్క పొయ్యి దగ్గరికి ఒక ఫ్రాన్సు మనిషి పనికి వచ్చాడు. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు వంటింటి మేరకే. ఆ ఇంగ్లీషులోనే అతను వాళ్ళమ్మ ఉండే పల్లెటూరి గురించి చెప్పేవాడు. అక్కడ మధ్యాహ్నం భోజనానికి మూడు గంటలు కూర్చుంటారట. ఎవరూ లేవరట, ఎవరూ లేపరట. ఆ మాట మా ఆయన బుర్రలో మేకులా దిగింది. ఇక్కడి పాస్‌పోర్టులు వచ్చాక ఇండియా వెళ్ళేటప్పుడు ఆ వైపుగా చుట్టి వెళ్దామని, ఒక్క రోజు ఆ పల్లెల్లో తిరుగుతూ తిందామని మొదలుపెట్టారు. టవరూ వద్దు, మ్యూజియమూ వద్దు. ఒక్క రోజు కూర్చుని తిందామంతే.

ఆ ఒక్క రోజుకి ఇండియన్ షాపువాళ్ళిచ్చిన క్యాలెండరు కాగితం వెనకవైపు ఒక ప్లాను రాసుకున్నారు. ఫ్రాన్సతను చెప్పడం, ఈయన ఇంటికొచ్చి తెలుగులో రాసుకోవడం. ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం బిళ్ళతో అంటించారు. రోజూ రాత్రి నాకు చదివి వినిపించేవారు. తెల్లారి ఆరున్నరకి రొట్టెల కొట్టు, వేడి రొట్టె అరుగు మీద కూర్చుని. ఎనిమిదికి సంత, కొనడానికి కాదు, చూడడానికి. పదింటికి మేకల్ని పెంచే ఒక ముసలావిడ ఇంట్లో చీజు. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా భోజనం. తర్వాత చెట్టు కింద నిద్ర. లేచాక ప్లమ్ పళ్ళ తోటలో నడక, ఆకలి పుట్టడానికి. ఏడింటికి సూపు. అన్నిటికంటే కింద, మధ్యలో ఎవరూ లేవకూడదు అని ఒక వరస. మొత్తం ఎనిమిది వరసలు. చదవలేను గానీ లెక్కపెట్టగలను.

నాకు మొదటి నుంచీ వెగటే. వేలు పోసి దేశం కాని దేశం వెళ్ళి, తిని, పడుకుని, మళ్ళీ తినడానికి ఆకలి కోసం నడవడమా? గొడ్లు చేసే పని కదా అది. సరే, వెళ్ళితీరాలంటే పులిహోర కట్టుకుంటాను, ఆవకాయ సీసా, చిన్న రైస్ కుక్కర్ సర్దుతాను అన్నాను. పులిహోర తినడానికి అంత దూరం ఎందుకే అన్నారు. మరి నేను ఏం తినాలని అడిగాను.

“రొట్టె, వెన్న, పళ్ళు, చీజు. అంతా శాకాహారమే” అన్నారు.

వెళ్ళినచోట నేను ముఖం చిట్లించి పరువు తీస్తానని ఆయన భయం. అందుకని ఇంట్లో ప్రాక్టీసు పెట్టారు. మంగళవారం ఆయనకు సెలవు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి బల్ల మీద దుప్పటి పరిచి, మమ్మల్ని ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఎదురుగా గడియారం పెట్టి, తను మాత్రం వడ్డిస్తూ నిలబడే తినేవారు. చిగుళ్ళు గీరుకుపోయే రొట్టె. పుల్లనీళ్ళు చల్లిన పచ్చి ఆకులు. చల్లగా, శవంలా పడుకున్న ఉడకబెట్టిన బీన్సు. ఆఖర్న చీజు. మొదటి వారం తెచ్చిన చీజు వాసన ఇప్పటికీ మరిచిపోలేదు. తడి మేజోళ్ళు సంచిలో కట్టిపెట్టి వారానికి విప్పినట్టు. చంటిపిల్ల కక్కిన పాలు భుజం మీద ఎండినట్టు. డోకు వచ్చి లేచిపోయాను. “లేచావు” అన్నారు, గడియారం వైపు చూస్తూ. పదకొండు నిమిషాలు కూర్చున్నానట. మా అమ్మాయి నవ్వాపుకోలేక బల్ల కింద చెంచా వెతికింది.

నేను లేవడానికి వంద కారణాలు. నీళ్ళు, ఆరేసిన బట్టలు, పొయ్యి కట్టేశానో లేదో అనే అనుమానం. లేచినప్పుడల్లా ఆయన ఒకటే మాట, “అక్కడ ఇలా లేస్తే ఆ ముసలావిడ ఏమనుకుంటుంది?” ఆ ముసలావిడని నేను చూడలేదు, ఆవిడకి నేను ఉన్నట్టే తెలియదు, కానీ ప్రతి మంగళవారం ఆవిడ ముందు నాకు పరువు పోయేది.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. మా పుట్టింట్లో ఆవు ఈనితే, ముందు దూడ కడుపు నిండా తాగాక, మిగిలిన ముర్రుపాలతో జున్ను వండేవాళ్ళు. బెల్లం, మిరియాలు వేసి. ఆ జున్ను మొదటి ముక్క దేవుడికి. నా దృష్టిలో ఈ చీజు దొరల జున్ను. పాలు విరగ్గొట్టి గట్టిపరుస్తారు, పనీర్‌కి నిమ్మకాయ పిండినట్టు. అంతేగా అనుకున్నాను. పాల వస్తువు ఇంట్లోకొస్తే దేవుడికి పెట్టకుండా ఎలా తింటాం? అందుకని ప్రతి మంగళవారం మొదటి ముక్క చిన్న స్టీలు పళ్ళెంలో పెట్టి, పైన ఒక పువ్వు పెట్టి, ప్యాంట్రీలో పై అరలో ఉండే దేవుడి పటాల ముందు నైవేద్యం పెట్టాను. గంట కొట్టి, హారతిచ్చి. అప్పుడు గానీ బల్ల మీదికి రానిచ్చేదాన్ని కాదు.

మొదట్లో ఆయన కూడా పక్కన నిలబడి దణ్ణం పెట్టేవారు. తర్వాత్తర్వాత గంట మోగగానే బట్టలు తెస్తానంటూ పెరట్లోకి వెళ్ళేవారు. ఎండీ ఎండని బట్టలు చేతిమీద వేసుకుని వచ్చేవారు. నేను అవి మళ్ళీ ఆరేసేదాన్ని.

ఆ రోజుల్లోనే ఫ్రిజ్ మీద కాగితంలో వరసలు తొమ్మిదయ్యాయి. పాతవన్నీ నల్లపెన్ను, ఇది నీలం. మూడో వరసకీ నాలుగో వరసకీ మధ్య ఇరికించి రాశారు. ఇంకేదో తిండి కలిపారు కాబోలు, ఈ మనిషికి తీరలేదు అనుకున్నాను. రాత్రి చదివేటప్పుడు మాత్రం పాత ఎనిమిదే వినిపించినట్టుండేది. పట్టించుకోలేదు.

అంతకు ముందే, మూడో నెలకే, చీజు నాకు నచ్చడం మొదలైంది. ఈ మాట కూడా రాయమన్నాను. పసుప్పచ్చగా, గట్టిగా, పెళుసుగా ఉండే రకం ఒకటి. ఇద్దరూ పనికి వెళ్ళాక ఫ్రిజ్ తలుపు తెరిచి, అక్కడే నిలబడి, ఒక ముక్క కోసుకుని ఆవకాయ నూనె రాసుకుని తినేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ఆయనకి తెలిసే ఉంటుంది, ముక్క తగ్గడం వంటవాడికి తెలియదా.

చలికాలం మొదట్లో ఒక మంగళవారం, ఇంట్లో ప్రాక్టీసు చాలు, బయట చేద్దామన్నారు. అకరోవా వెళ్దామన్నారు. మా ఊరి నుంచి గంటన్నర, కొండల మీదుగా. ఎప్పుడో ఫ్రాన్సువాళ్ళు వచ్చి దిగిన ఊరట, వీధులకి కూడా ఆ భాషలోనే పేర్లు. నమూనా అన్నమాట. ఆయన తెల్లవారుజామునే లేచి బుట్ట సర్దారు. గుడ్డ, కత్తి, రొట్టె, పళ్ళు. చీజు మాత్రం దారిలో తాజాగా కొనాలన్నారు.

దారిలో ఒకచోట చీజు చేసి అక్కడే అమ్మే షెడ్డు ఉంది. అద్దం వెనకాల పెద్ద తొట్లలో పాలు. అక్కడ పనిచేసే ఒక తెల్లావిడ, మంచి మనిషి, నేను అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నానని దగ్గరికొచ్చి చేత్తో చూపిస్తూ ఏదో వివరించింది. ఏమంటోందని అడిగాను. మా అమ్మాయి మామూలుగా, నవ్వు ముఖంతోనే చెప్పింది.

“పాలు గట్టిపడడానికి దూడ పొట్టలోంచి తీసింది వేస్తారంట పెద్దమ్మా. పాలు తాగే దూడది.”

ఆ దూడ తర్వాత ఏమవుతుందని అడిగాను. పొట్ట తీశాక ఇంకేమవుతుంది? నేను ఆయన వైపు తిరిగాను. ఆయన కిటికీలోంచి కొండల్ని చూస్తున్నారు. ఆశ్చర్యపోలేదు. అదీ నేను చూసింది. తెలియని మనిషైతే ఇటు తిరగాలి కదా. ఆయన అటే చూస్తున్నారు.

కార్లో కూర్చున్నాక అడిగాను, ఎప్పటి నుంచి తెలుసని.

“మొదట్లో నాకూ తెలీదే. ఆ ఫ్రాన్సతను చెప్పాడు. అప్పటికే నీకు నచ్చేసింది.”

“దేవుడికి పెడుతుంటే చూస్తూ ఊరుకున్నారా?”

కారు స్టార్టు చేశారు. తర్వాత చిన్నగా నవ్వు తెచ్చుకుని, “ఆయనా తిని ఊరుకున్నాడు కదే” అన్నారు.

నవ్విద్దామనే అన్నారని తెలుసు. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని గొడవలు అలాంటి మాటతో తేలిపోయాయో. ఆ రోజు తేలలేదు. కారు ఆపించి, ఆ చక్కటి పచ్చికొండ పక్కన, తీగకంచె పట్టుకుని వాంతి చేసుకున్నాను. కంచె అవతల ఆవులు తల ఎత్తి చూశాయి. వాటి ముఖం చూడలేకపోయాను.

అకరోవాలో నేను కారు దిగలేదు. మా అమ్మాయి నాతోనే ఉండిపోయింది. ఆయన బుట్ట తీసుకుని నీళ్ళ ఒడ్డున ఒక బల్ల దగ్గరికి వెళ్ళారు. గుడ్డ పరిచారు. మూడు పళ్ళేలూ పెట్టారు. రొట్టె విరిచారు, ఆ షెడ్డులో నా కళ్ళముందే కొన్న చీజు కోశారు, కూర్చుని తిన్నారు. ఒంటిగంట నుంచి మూడు దాటేదాకా. ఒక్కసారి కూడా లేవలేదు. కారు అద్దం పైకెత్తేసుకుని కూర్చుని నేను ఆ రెండు గంటలూ ఆయన వీపునే చూశాను. ఆ వీపు ఊగే పద్ధతి, నమిలేటప్పుడు చెవి కింద కదిలే నరం, అన్నీ రోతగా అనిపించాయి. ముప్ఫై ఏళ్ళుగా రుచి చూడని మనిషి కాదు అలా తినేది, అలవాటున్న మనిషి. ఉప్పు చెయ్యి చెబుతుందట.

నేను ఎరిగి ఆయన కూర్చుని తిన్న పూర్తి భోజనం అదొక్కటే. అప్పుడు తట్టలేదు నాకు. తట్టి ఉంటే దిగేదాన్నా అంటే, అదీ చెప్పలేను.

ఇంటికొచ్చి పటాలన్నీ దించి పసుపునీళ్ళతో కడిగాను. స్టీలు పళ్ళెం చెత్తబుట్టలో వేశాను. కారు తాళాలు బల్ల మీద కనిపిస్తే కోటు జేబులో వేసుకున్నాను. ఎందుకో అని అడగొద్దు. మళ్ళీ అలా ఎక్కడికీ తీసుకెళ్ళకూడదని అనుకున్నానేమో. తెల్లారి ఆయన గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టారు. అప్పుడే ఆ మాట అన్నాను.

ఆయన పోయిన పదిరోజులకి ఫ్రాన్సతను వచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన గుండ్రటి చీజు. పాపం వాళ్ళ పద్ధతి అదేనేమో, చావింటికి తిండి తేవడం. ఆయన రోజూ కూలింగ్ రూమ్ వెనకాల నిలబడి తనతో పాటే ఇది తినేవాడని, ఇష్టంగా తినేవాడని, మా అమ్మాయితో చెప్పించి ఏడ్చాడు. నేను ఆ పొట్లాన్ని రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి బయట చెత్త వేసే ఎర్ర బిన్నులో పడేశాను. లోపలికొస్తుంటే వేళ్ళ వాసన ముక్కుకి తగిలింది. నోట్లో నీళ్ళూరాయి. మొగుడు పోయి పదకొండు రోజులు కాలేదు, దూడ పొట్ట వాసనకి నా నోట్లో నీళ్ళూరాయి. సబ్బుతో మూడుసార్లు కడిగాను. నా మీద నాకు పుట్టిన రోత అంతా ఇంతా కాదు.

ఆ రాత్రి ఫ్రిజ్ మీది కాగితం చదవమని మా అమ్మాయినడిగాను. వేలు పెట్టి చదివింది. రొట్టెల కొట్టు, సంత, ముసలావిడ ఇల్లు, భోజనం, నిద్ర, తోట, సూపు, లేవకూడదు. ఎనిమిది. వేలు ఒకచోట చిన్న గెంతు గెంతింది.

“నీలం వరస చదవలేదు” అన్నాను.

“ఏం లేదు పెద్దమ్మా, ఊరికే ఏదో...”

“చదువు.”

ఏడుస్తూ చదివింది. “చీజు సంగతి మా ఆవిడకి చెప్పకూడదు. అడిగితే చెప్పాలి.”

నాలుగు నెలలు. పాలకోసం ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ ఆ వరస నా ముక్కు ముందే ఉంది. ఇంట్లో దాచడానికి అంతకంటే మంచిచోటు లేదని ఆయనకి తెలుసు. అడిగితే చెప్పాలట. తెలియని సంగతి ఎలా అడుగుతారు ఎవరైనా? అన్నం పెట్టే మనిషిని, ఇందులో ఏం చంపి వేశారని అడుగుతామా? అయినా ఆ కాగితం చించలేదు. ఇంకా అక్కడే ఉంది. చించుదామని చెయ్యెత్తి, చివరి వరస దగ్గర, ఆ లేవకూడదు అన్నచోట ఆగిపోతాను. ఆ ఒక్క మాట ఇప్పుడు నాకు ఎక్కడ చూసినా గుర్తుపట్టడం వచ్చింది.

ఆయన నాకు చెప్పనిది ఒకటే. నేను ఆయనకి చెప్పనిది తాళాల సంగతి ఒకటి, ఊరందరికీ చెప్పిన అబద్ధం ఒకటి. ఆయన దాచింది కనీసం రాసి పెట్టారు. నేనూ రాయించాలనే ఈ పుస్తకం. దీన్ని ఆ మైకు ఆవిడకి ఇస్తాను, చదువుకోనీ. తర్వాత నన్ను అదృష్టవంతురాలనే వాళ్ళుంటే అననీ.

ఇప్పుడు నువ్వు, అమ్మాయీ, పెన్ను పక్కన పెట్టు. ఆ రోజు వేలితో గెంతినదానివి, పెన్నుతో గెంతవని ఏమిటి నమ్మకం? క్యాలెండరు కాగితమైతే తొమ్మిది వరసలు, లెక్కపెట్టుకున్నాను. నువ్వు రాసినవి ఇన్ని పేజీలు, ఎన్నని లెక్కపెట్టను? మొదటి నుంచి చదువు. మంచినీళ్ళ మాట నేను అన్నట్టే ఉందో లేదో వింటాను. తాళాలు ఎక్కడున్నాయో అది కూడా గట్టిగా చదువు. నేను లేవను, ఇక్కడే కూర్చుంటాను. చదువు.